దుబాసీకి సెలవు ఎప్పుడు?

టెర్మినల్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కొత్త మ్యాక్ కొన్నవాళ్లూ, కొని రెండు మూడేళ్లయినా లోపల ఏం నడుస్తోందో చూడనివాళ్లూ ఈసారి ఎక్కువగా రాశారు. అన్నింటిలోనూ దాదాపు ఒకటే గొడవ: యంత్రంలోని చిప్ ఆర్మ్ రకం (ఆపిల్ ఎం1, ఎం2 లాంటివి), పనిముట్లు పాత ఇంటెల్ చిప్ కోసం చేసినవి. అందుకే ఈ సంచికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఆదేశాలను పలికే తీరులో రాశాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరాలు కావాల్సినచోట చెబుతాను. ఫోల్డర్ దారిలో ‘యూజర్’ అని పలికినదాన్ని ‘యూ ఎస్ ఆర్’ అనే మూడు అక్షరాలతో కొట్టాలి.

ప్రశ్న: మేడమ్, 2017 నాటి ఇంటెల్ మ్యాక్‌బుక్ ప్రో నుంచి ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు మారాను. మైగ్రేషన్ అసిస్టెంట్‌తో అన్నీ తెచ్చుకున్నాను. గిట్, నోడ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మొదటి రోజు నుంచే పనిచేశాయి. కానీ బిల్డ్‌లో నేను ఆశించిన వేగం కనిపించడం లేదు. యాక్టివిటీ మానిటర్ తెరిస్తే నోడ్ పక్కన ‘కైండ్’ కింద ‘ఇంటెల్’ అని ఉంది. మొన్న ఒక లైబ్రరీ వేసుకోబోతే ‘ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్’ అంటూ ఆగిపోయింది. మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలా?
– వెబ్ డెవలపర్, విజయవాడ

జవాబు: తుడవవద్దు. ఆ ‘కైండ్’ కాలమ్ చూడాలని తోచింది చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. ఏళ్ల తరబడి చూడనివాళ్లు నాకు చాలామంది తెలుసు.

మీకు జరిగింది ఇది. మైగ్రేషన్ అసిస్టెంట్ మీ పాత హోమ్‌బ్రూను, అంటే టెర్మినల్ నుంచి పనిముట్లు వేసిపెట్టే సాధనాన్ని, ‘స్లాష్ యూజర్ స్లాష్ లోకల్’ ఫోల్డర్‌తో సహా ఉన్నదున్నట్లు తెచ్చింది. అందులోని ప్రతి పనిముట్టూ ఇంటెల్ కోసం తయారైనదే. ఎం2కు ఇంటెల్ భాష రాదు కాబట్టి మధ్యలో రోసెట్టా 2 అనే దుబాసీ కూర్చుంది. ప్రోగ్రామును మొదటిసారి నడిపినప్పుడే అది ఇంటెల్ కోడ్ మొత్తాన్ని ఆర్మ్ కోడ్‌గా తర్జుమా చేసి దాచుకుంటుంది, తర్వాత ఆ దాచిన ప్రతినే నడుపుతుంది. మెమరీలో రాతలు ఏ వరుసలో కనబడాలన్న విషయంలో ఇంటెల్ నియమం కఠినం, ఆర్మ్ నియమం సడలింపు. ఆ ఇంటెల్ నియమాన్ని పాటించే పద్ధతిని ఆపిల్ తన చిప్‌లోనే పెట్టింది. గిట్, కర్ల్ లాంటివి నడుస్తుంటే మధ్యలో ఎవరో ఉన్నారన్న అనుమానమే రాకపోవడానికి అదొక ముఖ్య కారణం.

నోడ్ సంగతి వేరు. నోడ్ లోపలి వీ8 ఇంజిన్ మీ జావాస్క్రిప్టును నడుస్తూ నడుస్తూనే యంత్ర కోడ్‌గా మారుస్తుంది. మీ దగ్గరున్నది ఇంటెల్ నోడ్ కాబట్టి ఇంటెల్ కోడ్‌నే పుట్టిస్తుంది. అప్పటికప్పుడు పుట్టిన కోడ్‌కు ముందే దాచిన తర్జుమా ఉండదు గదా, దాన్ని రోసెట్టా అక్కడికక్కడే మార్చాలి. జావాదీ ఇదే అవస్థ. బిల్డ్ నింపాదిగా సాగడానికి ఇదే మూలం.

ఇప్పుడు పని మొదలుపెడదాం. ముందు మీ టెర్మినల్ ఏ భాషలో ఉందో తెలుసుకోండి. ‘యూనేమ్ హైఫన్ ఎం’ కొడితే ‘ఆర్మ్64’ అని రావాలి. ‘ఎక్స్86 64’ అని వస్తే షెల్లే (టెర్మినల్‌లో మీ ఆదేశాలను అందుకునే ప్రోగ్రాము) రోసెట్టా కింద నడుస్తోందన్నమాట. ఇక్కడ ఒక మెలిక ఉంది, తక్కినవన్నీ దీని మీదే ఆధారపడతాయి. చాలా ప్రోగ్రాముల్లో ఇంటెల్, ఆర్మ్ రెండు ముక్కలూ ఒకే ఫైలులో ఉంటాయి. రోసెట్టా కింద నడిచే ప్రోగ్రాము ఏదైనా అలాంటి ఫైలును పిలిస్తే వ్యవస్థ ఇంటెల్ ముక్కనే ఎంచుకుంటుంది. పైన ఒక్కరు ఇంటెల్ అయితే కింద పుట్టే సంతానమంతా వీలైనంతవరకు ఇంటెలే.

ఆ పైనున్నది ఎవరో వెతికి పట్టుకోవాలి. నేను ఈ వరుసలో వెతుకుతాను. మొదట టెర్మినల్ అప్లికేషన్. ఫైండర్‌లో దాని ‘గెట్ ఇన్‌ఫో’ తెరిస్తే ‘ఓపెన్ యూజింగ్ రోసెట్టా’ అనే గడి ఉండవచ్చు. 2020 చివర్లో ఎం1 వచ్చిన కొత్తలో, హోమ్‌బ్రూ ఇంకా సర్దుకోని నెలల్లో, ఆ గడిలో టిక్కు పెట్టమనే సలహా ఊరంతా పాకింది. హోమ్‌బ్రూ 3.0 2021 ఫిబ్రవరిలో ఆపిల్ చిప్‌లకు అధికారికంగా మద్దతిచ్చింది, సలహాకు కాలం చెల్లింది, టిక్కులు మాత్రం మిగిలాయి. తర్వాత మీ ఎడిటర్. వీఎస్ కోడ్ ఇంటెల్ ప్రతిని పాత యంత్రం నుంచి తెచ్చుకుని ఉంటే దాని లోపలి టెర్మినల్ కూడా ఇంటెలే అవుతుంది. టెర్మినల్ పనులను మూయకుండా అట్టిపెట్టే టీమక్స్ పాత సర్వర్ వెనక నడుస్తూ ఉంటే అదీ అంతే, మీరు ఎంత కొత్త కిటికీ తెరిచినా పాత భాషే మాట్లాడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది లాగిన్ షెల్. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాతి వాటి లైసెన్సు ఆపిల్‌కు గిట్టలేదు. అందుకని చాలామంది హోమ్‌బ్రూ నుంచి బ్యాష్ 5 వేసుకుని దాన్నే లాగిన్ షెల్‌గా పెట్టుకున్నారు. ఆ బ్యాష్ పాత ఫోల్డర్‌లో ఉంటుంది. రేపు మీరు పాత హోమ్‌బ్రూను తీసేసిన మరుక్షణం టెర్మినల్ తెరుచుకోదు, ఎందుకంటే తెరవాల్సిన షెల్లే లేదు. ‘ఎకో డాలర్ షెల్’ కొట్టి చూడండి, ఇందులో ‘షెల్’ మాత్రం పెద్ద అక్షరాల్లో. ‘లోకల్’ అన్న మాట కనబడితే ఇంకేదీ ముట్టుకోకముందే ‘సీహెచ్ఎస్‌హెచ్’ ఆదేశంతో వ్యవస్థతో వచ్చిన జడ్‌షెల్‌కు మారండి.

షెల్ ఆర్మ్ అయ్యాక, పనిముట్లు. సామాను మొయ్యకండి, జాబితా మొయ్యండి. పాత బ్రూతో ‘బ్రూ లీవ్స్’ కొడితే ఇంకే పనిముట్టుకూ ఆధారం కానివి, అంటే దాదాపుగా మీరు కోరి వేసుకున్నవి మాత్రమే వస్తాయి. వాటి వెనక చేరిన వందల లైబ్రరీలు రావు. ‘బ్రూ బండిల్ డంప్’ కొడితే అదే సంగతి బ్రూఫైల్ అనే ఫైలులోకి ఎక్కుతుంది, ఫాంట్లూ అప్లికేషన్లూ కూడా కలిపి. నేనైతే ఆ జాబితాను కాగితం మీద అచ్చు తీసి పెన్నుతో కొట్టివేస్తాను. మీకు నవ్వు రావచ్చు. కానీ తెర మీద చూస్తే అన్నీ అవసరమే అనిపిస్తాయి, కాగితం మీద చూస్తే ఎప్పుడో ఒక్క వీడియో మార్చడానికి వేసుకున్నది ఇట్టే దొరుకుతుంది.

ఆ తర్వాత ఆర్మ్ షెల్ నుంచి కొత్త హోమ్‌బ్రూ వేయండి. అది ‘స్లాష్ ఆప్ట్ స్లాష్ హోమ్‌బ్రూ’లో కూర్చుంటుంది. రెండూ పక్కపక్కన ఉండగలగాలనే చోటు మార్చారు. పొరపాటున ఇంటెల్ షెల్ నుంచి కొత్త చోట వేయబోతే అదే ఒప్పుకోదు, ఆర్మ్ షెల్ నుంచి పాత చోట వేయబోయినా ఒప్పుకోదు. ఆ మొండితనం నాకు నచ్చుతుంది. వేయడం పూర్తయ్యాక అది చూపించే ‘షెల్‌ఎన్వ్’ పంక్తిని మీ జడ్‌ప్రొఫైల్ ఫైలులో చేర్చండి. చేర్చాక ‘విచ్ బ్రూ’ కొట్టి చూడండి. పాత చోటు చూపిస్తే అదే ఫైల్లోనో జడ్ఎస్‌హెచ్ఆర్‌సీలోనో పాత ‘పాత్’ పంక్తి (ప్రోగ్రాములను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేది) ఇంకా పైన కూర్చుని ఉంది. సరిచేశాక, అక్కర్లేనివి కొట్టివేసిన బ్రూఫైల్‌తో ‘బ్రూ బండిల్ ఇన్‌స్టాల్’. పాతదాన్ని ‘ఐబ్రూ’ అనీ కొత్తదాన్ని ‘బ్రూ’ అనీ మారుపేర్లు పెట్టి రెండింటినీ ఏళ్ల తరబడి పోషించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. వారం రోజులకైతే సరే, కాపురానికి పనికిరాదు.

ఎందుకు పనికిరాదో మీ ‘ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్’ సందేశమే చెబుతోంది. మ్యాక్‌లోని క్లాంగ్ కంపైలర్ ఏమీ చెప్పకపోయినా ‘యూజర్ లోకల్’ కింద హెడర్లనూ, కట్టిన ముక్కలను కలిపే లింకర్ అక్కడే లైబ్రరీలనూ వెతుకుతాయి. ‘ఆప్ట్ హోమ్‌బ్రూ’ వైపు చెబితే తప్ప చూడవు. అంటే మీరు ఆర్మ్ షెల్‌లో, ఆర్మ్ కంపైలర్‌తో ఒక ఎక్స్‌టెన్షన్ కట్టబోతే కంపైలర్ వెళ్లి ఇంటెల్ లైబ్రరీని పట్టుకొస్తుంది. ఆ లైబ్రరీ ఎక్స్86 కోసం కట్టినది కనుక పక్కన పెడుతున్నానని లింకర్ ఒక హెచ్చరిక పడేస్తుంది. దాని కింద ‘సింబల్స్ నాట్ ఫౌండ్’ అని బారెడు ఎర్రర్ వస్తుంది. జనం ఆ బారెడునే చదివి, దాన్నే వెతికి, పైనున్న హెచ్చరికను వదిలేస్తారు. కాబట్టి సి కోడ్ కంపైలయ్యే రూబీ జెమ్‌లు, పైథాన్ ప్యాకేజీలు, నోడ్ ఎక్స్‌టెన్షన్లు వీటన్నిటినీ పాత హోమ్‌బ్రూను తీసేశాకే మళ్లీ కట్టండి. అప్పుడు హెడర్ దొరకలేదన్న నిజాయితీగల ఎర్రర్ వస్తుంది. దానికి మందు ‘సీపాత్’, ‘లైబ్రరీ పాత్’ అనే రెండు పర్యావరణ చరరాశులకు (పేర్లు పెద్ద అక్షరాల్లో) కొత్త చోటు చెప్పడం.

తీసేసే ముందు పోస్ట్‌గ్రెస్. మీ డేటా పాత ఫోల్డర్‌లోని ‘వార్’ కింద ఉంది. పాత సర్వర్ నడుస్తుండగానే ‘పీజీ డంప్ ఆల్’తో మొత్తం ఒక ఫైలులోకి దించండి. ఆ ఫైలును తెరిచి మీ టేబుల్ పేర్లు అందులో కనబడుతున్నాయో లేదో కళ్లతో చూడండి. తర్వాత పాత బ్రూతోనే ‘బ్రూ సర్వీసెస్ స్టాప్’. ఈ మెట్టు దాటవేస్తే పాత సర్వర్‌ను లేపే చిన్న ఫైలు మీ లాంచ్ ఏజెంట్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతుంది. పాత సర్వర్ 5432 పోర్టును వదలదు, కొత్తది లేవదు, మీరు కొత్తదాన్ని తిడతారు. డేటా ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేసినా పనిచేసిందని ఎవరో ఒకరు చెబుతారు. పనిచేయవచ్చు కూడా. డంప్ ఫైలు చేతిలో ఉన్నప్పుడు ఆ సాహసం ఎందుకు?

నోడ్, రూబీ, పైథాన్ వెర్షన్లను ఎన్‌వీఎం, ఆర్‌బీఎన్వ్, పైఎన్వ్ లాంటి వాటితో పెట్టుకుంటే అవి హోమ్ ఫోల్డర్‌లో ఉంటాయి, హోమ్‌బ్రూను తీసేసినా పోవు. వాటిలోని ఇంటెల్ వెర్షన్లను ఒక్కొక్కటీ తీసి మళ్లీ వేయాలి. ప్రతి ప్రాజెక్టులోనూ నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. లోపల ఈఎస్‌బిల్డ్ లాంటివి ఉంటే, వేరే ప్లాట్‌ఫాం కోసం వేసుకున్నారని అవే గొణుగుతాయి. మీ స్క్రిప్టుల్లో, గిట్ హుక్‌లలో, మేక్‌ఫైళ్లలో ‘యూజర్ లోకల్ బిన్’ అని గట్టిగా రాసి పెట్టినవి ఉంటాయి, ‘గ్రెప్’తో ఏరండి.

ఇక హోమ్‌బ్రూ వాళ్ల అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టుకు పాత చోటు చెప్పి నడపండి. ‘యూజర్ లోకల్’ మొత్తాన్ని చేత్తో చెరపకండి. గో భాష అధికారిక ప్యాకేజీ ఆర్మ్ మ్యాక్‌లోనూ అక్కడే కూర్చుంటుంది, డాకర్ తన లంకెలను అక్కడే పెట్టవచ్చు. ఫలానా ఫోల్డర్‌లో ఉంది కాబట్టి ఇంటెల్ అని తేల్చెయ్యడానికి లేదు. ‘ఫైల్’ అనే ఆదేశానికి ఆ ప్రోగ్రాము దారి ఇస్తే అది ఏ జాతో అదే చెబుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్చరర్‌ని. పుస్తకం ఒకటి రాస్తూ ప్యాన్‌డాక్, లాటెక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడుతున్నాను. అన్నీ రోసెట్టాలోనే ఉన్నాయని మా అబ్బాయి చెప్పాడు. వేగంతో నాకు పని లేదు. పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి?
– రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీ వాదన మామూలుగా నా వాదనే. ఇక్కడ మాత్రం గడువు ఉంది కాబట్టి విభేదిస్తున్నాను. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహోయే ఆఖరి వెర్షన్ అనీ, రోసెట్టా మ్యాక్‌ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంటుందనీ ఆపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది. ఆ తర్వాత మిగిలేది ఎవరూ నిర్వహించని పాత ఆటల కోసం ఉంచే కొంత భాగమే.

ఇది మొదటిసారి కాదు కూడా. పవర్‌పీసీ చిప్‌ల నుంచి ఇంటెల్‌కు మారినప్పుడు, 2006లో, మొదటి రోసెట్టా వచ్చింది. 2011లో లయన్ వెర్షన్‌తో దాన్ని తీసేశారు. మా పెద్దమ్మ కొడుకు అప్పట్లో లోగోలు, శుభలేఖలు గీసేవాడు, అన్నీ ఫ్రీహ్యాండ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములోనే. ఫ్రీహ్యాండ్‌ను ఇంటెల్ కోసం ఎవరూ మళ్లీ తయారు చేయలేదు, రోసెట్టా మీదే బండి నడిచింది. ఒక పెళ్లిళ్ల సీజన్ ముందు కొత్త ఐమ్యాక్ కొన్నాడు, అది లయన్‌తో వచ్చింది. పాత యంత్రాన్ని ఆ ఫైళ్లు తెరవడానికే చాలాకాలం అట్టిపెట్టుకున్నాడు, దాని ఫ్యాను మోత వింటే ఇంట్లోవాళ్లకు పాత కస్టమర్ ఎవరో వచ్చారని తెలిసేది.

ఫ్రీహ్యాండ్‌కు ఆర్మ్ రూపం లేదు, మీ మూడింటికీ ఉంది. పైన విజయవాడ అబ్బాయికి చెప్పినంత తతంగం మీకు అక్కర్లేదు. షెల్ సరిచూసుకుని, కొత్త హోమ్‌బ్రూ వేసి, మూడు పేర్లు కొట్టడమే. పుస్తకం అచ్చుకు వెళ్లే వారంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. మార్చాక ఒక అధ్యాయాన్ని పాతదానితోనూ కొత్తదానితోనూ పీడీఎఫ్ చేసి పేజీ విరుపులు పోల్చండి. కొత్తగా వేసినప్పుడు లాటెక్ ప్యాకేజీల వెర్షన్లూ పెరుగుతాయి. తేడా వస్తే దానికి కారణం చాలావరకు అదే అవుతుంది, చిప్ కాదు.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లోని పైథాన్ ప్రాజెక్టును వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌తో సహా కొత్త మ్యాక్‌లోకి కాపీ చేశాను. ‘ఇంపోర్ట్ నంపై’ అనగానే ‘హావ్ ఎక్స్86 64, నీడ్ ఆర్మ్64’ అంటోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి మేడమ్.
– ఎంటెక్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: చెరిపెయ్యమ్మా. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ మోసుకెళ్లే వస్తువు కాదు. లోపల పాత పైథాన్‌కు దారి, పాత చిప్ కోసం కట్టిన లైబ్రరీలు ఉంటాయి. రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఉంటే చాలు, లేకపోతే పాత ల్యాప్‌టాప్‌లో ‘పిప్ ఫ్రీజ్’ తీసుకుని రా. కొత్త మ్యాక్‌లో ఆర్మ్ పైథాన్‌తో కొత్త ఎన్విరాన్‌మెంట్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యి. పైథాన్ అధికారిక ఇన్‌స్టాలర్ 3.9.1 నుంచి రెండు చిప్‌లకూ ఒకే ఫైలుగా వస్తోంది.

ఫ్రీజ్ జాబితాలో నంపై, సైపై చాలా పాత వెర్షన్లకు బిగించి ఉంటే వాటికి ఆర్మ్ మ్యాక్ కోసం ముందే కట్టిన ప్యాకేజీ దొరకదు. పిప్ దాన్ని మూలం నుంచి కట్టబోయి పేజీల కొద్దీ అరుస్తుంది. అరుపులు చదువుతూ కూర్చోకుండా ఆ ఒక్క వెర్షన్‌ను సడలించు. పిప్ బదులు కోండా వాడుతూ ఉంటే ‘కోండా ఎన్వ్ ఎక్స్‌పోర్ట్’కు ‘ఫ్రమ్ హిస్టరీ’ జోడించు, నువ్వు అడిగి వేసుకున్నవే వస్తాయి. కోండాను కూడా కొత్తగా ఆర్మ్ ఇన్‌స్టాలర్‌తోనే వెయ్యి.

టెన్సర్‌ఫ్లో ఇంటెల్ ప్రతిని రోసెట్టాలో నడిపి ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ చూసిన నీ స్నేహితులు ఉంటే, దానికి కారణం ఏవీఎక్స్ అనే ఆదేశాల కుటుంబం. 2024లో మ్యాక్‌ఓఎస్ సెకోయా వచ్చేవరకు రోసెట్టాకు అవి వచ్చేవి కావు. ఆర్మ్ ప్రతి వేసుకుంటే ఆ గొడవే ఉండదు.

ప్రశ్న: మా కంపెనీ పాత ప్రాజెక్టు నోడ్ 12 దగ్గర ఇరుక్కుపోయింది. మార్చడానికి మేనేజరు సమయం ఇవ్వరు. కొత్త మ్యాక్‌లో ఎన్‌వీఎంతో వేయబోతే గంటసేపు కంపైల్ చేసి చివర్లో విఫలమవుతోంది.
– హైదరాబాద్

జవాబు: ఆర్మ్ మ్యాక్‌కు నోడ్ అధికారిక ప్రతులు 16 నుంచే ఉన్నాయి. 12కు లేదు కాబట్టి ఎన్‌వీఎం మూలం నుంచి కట్టబోతోంది, అది మీకు అవసరం లేని తపస్సు. ‘ఆర్చ్ హైఫన్ ఎక్స్86 64 జడ్‌ఎస్‌హెచ్’ అని కొట్టి ఇంటెల్ షెల్‌లోకి వెళ్లండి. అక్కడ ‘ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ 12’ అంటే ఇంటెల్ ప్రతి దిగుతుంది. తర్వాత ఆ షెల్ మూసేయవచ్చు, ఇంటెల్ నోడ్‌ను ఎక్కడి నుంచి పిలిచినా రోసెట్టా పలుకుతుంది. ఆ ఒక్క ప్రాజెక్టును అలా దీవిలా ఉంచి మిగతావన్నీ ఆర్మ్‌లో పెట్టుకోండి. ప్రాజెక్టు రీడ్‌మీలో ఒక పంక్తి రాయండి, లేకపోతే మీ తర్వాత వచ్చే కుర్రాడు ఈ గంటను మళ్లీ ఖర్చు చేస్తాడు.

మేనేజరు గారికి రెండు మాటలు అందించండి. నోడ్ 12కు భద్రతా సవరణలు 2022 ఏప్రిల్‌తో ఆగిపోయాయి. రోసెట్టా గడువు పైన చెప్పాను. ఇలా ఇరుక్కున్న ప్రాజెక్టుల్లో నేను చూసినంతవరకు పట్టి లాగుతున్నది తరచుగా స్టైల్ షీట్లను తయారుచేసే నోడ్‌సాస్ ఒక్కటే. దాని స్థానంలో డార్ట్ సాస్ పెడితే మిగతా దారి అనుకున్నంత కష్టంగా ఉండదు. ముందు అది చూడండి, తర్వాత సమయం అడగండి. ‘రెండు వారాలు కావాలి’ అంటే ఇవ్వనివాళ్లు ‘ఈ ఒక్క ప్యాకేజీ మార్చాలి’ అంటే ఇస్తారు.

ప్రశ్న: నా మ్యాక్‌లో కట్టిన డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామునూ దానికి కావాల్సినవన్నిటినీ కలిపిన పొట్లం) నా దగ్గర చక్కగా నడుస్తుంది. సర్వర్‌కు పంపితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’. ఇమేజ్ అంటే ఎక్కడైనా ఒకేలా నడవాలి కదండీ?
– డల్లాస్, అమెరికా

జవాబు: అదే చిప్ ఉన్న చోట, అవును. మీ మ్యాక్‌లో డాకర్ నడిపేది ఆర్మ్ లినక్స్‌ను, కాబట్టి ఏమీ చెప్పకపోతే ఆర్మ్ ఇమేజే కడుతుంది. మీ సర్వర్ ఇంటెలో ఏఎండీనో అయి ఉంటుంది. ‘డాకర్ ఇమేజ్ ఇన్‌స్పెక్ట్’లో ‘ఆర్కిటెక్చర్’ పక్కన చూస్తే తెలిసిపోతుంది. కట్టేటప్పుడు ‘ప్లాట్‌ఫాం’ దగ్గర ‘లినక్స్ స్లాష్ ఏఎండీ64’ అని చెప్పండి. ఇంటెల్ సర్వర్ కైనా పేరు ఏఎండీ64నే, కంగారు పడకండి.

అలా కడితే మీ మ్యాక్ మళ్లీ తర్జుమా చేస్తూ కడుతుంది, పెద్ద ప్రాజెక్టయితే విసుగు పుడుతుంది. సర్వర్‌కు వెళ్లే ఇమేజ్‌ను ల్యాప్‌టాప్‌లో కట్టడమే నాకు ఇష్టం ఉండదు. బిల్డ్ యంత్రాలు కాసిన ఉద్యోగం నాది, అందుకని ఈ పక్షపాతం. కోడ్‌ను పంపి, ఇంటెల్ బిల్డ్ యంత్రంలో కట్టించండి. లేదా సర్వర్‌నే ఆర్మ్‌కు మార్చవచ్చు. అమెజాన్ గ్రావిటన్ యంత్రాలు 2018 నుంచి ఉన్నాయి. అప్పుడు మీ బల్ల మీదా అక్కడా ఒకే చిప్ కుటుంబం ఉంటుంది. మార్చే ముందు మీరు ఆధారపడే ప్రతి మూల ఇమేజ్‌కూ ఆర్మ్ ప్రతి ఉందో లేదో చూసుకోండి. పాత డేటాబేస్ ఇమేజ్‌ల దగ్గరే సాధారణంగా బోల్తా పడతారు, మైఎస్‌క్యూఎల్ 5.7 అధికారిక ఇమేజ్‌కు ఆర్మ్ ప్రతి లేదు.

ప్రశ్న: నాది మ్యాక్ కాదు, స్నాప్‌డ్రాగన్ విండోస్ ల్యాప్‌టాప్. ఈ గోల నాకూ ఉందా?
– బెంగళూరు

జవాబు: ఉంది, కొంచెం నెమ్మదిగా. విండోస్ 11లో ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు ఉంది, 24హెచ్2 వెర్షన్ నుంచి దాన్ని ప్రిజమ్ అంటున్నారు. టాస్క్ మేనేజర్‌లో ‘డీటెయిల్స్’కు వెళ్లి కాలమ్ పేర్ల మీద కుడి మీట నొక్కితే ‘ఆర్కిటెక్చర్’ కాలమ్‌ను చేర్చుకోవచ్చు. నోడ్‌కు 20 నుంచి, పైథాన్‌కు 3.11 నుంచి ఆర్మ్64 విండోస్ ఇన్‌స్టాలర్లు అధికారికంగా ఉన్నాయి. డౌన్‌లోడ్ పేజీలో పైనున్న పెద్ద బటన్ చాలాచోట్ల ఇంటెల్‌దే ఇస్తుంది, కింద జాబితాలో ‘ఆర్మ్64’ వెతికి తీసుకోండి. పాతది తీశాక పాత్ చరరాశిలో దాని ఫోల్డర్ మిగిలిపోయిందేమో కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ నోడ్’ కొట్టి చూడండి. రెండు పంక్తులు వస్తే, పై పంక్తిలో ఉన్నదే నడుస్తుంది.